ఆగితేనే ఊరు

కాన్సాస్‌లో ఐ-70 మీద కారు గంటల తరబడి పోతూనే ఉంది. "ఇక్కడ చూడ్డానికేముంది నాన్నా, అంతా గడ్డే" అన్నాడు మావాడు. అయినా ఫ్లింట్ హిల్స్‌లో ఆపించాను. నిలువెత్తు గడ్డి గాలికి అలల్లా వాలి లేస్తోంది. అమెరికాలో ఒకప్పుడు పరుచుకున్న ఆ పొడుగు గడ్డి మైదానాల్లో ఇప్పుడు నూటికి నాలుగు పాళ్లు కూడా మిగల్లేదు. ఇక్కడ రాతినేలలో నాగలి దిగలేదు కాబట్టి ఇది బతికింది.

నాకు సంగం జాగర్లమూడి గుర్తొచ్చింది. గుంటూరు నుంచి తెనాలి పోతూ ఎన్నిసార్లు దాటానో! ఆగింది మాత్రం ఒక్కసారే, అదీ స్కూటర్ పంక్చరై. కొమ్మమూరు కాలువ గట్టున కూర్చున్నాను. కృష్ణ నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. కరెంటు తీగ మీంచి లకుముకి పిట్ట రాయిలా పడి, చేపతో లేచింది. అవతల కోతకొచ్చిన వరిచేలో, తడి ఆరకముందే, ఒకాయన మినుములు చల్లుతున్నాడు. ఒక పంట కాళ్ల దగ్గరే ఇంకో పంట!

"అయిపోయింది బాబాయ్" అన్నాడు పంక్చరబ్బాయి. అప్పుడేనా అనిపించింది.

"ఇక వెళ్దామా నాన్నా?" అంటున్నాడు మావాడు. ఇక్కడా అంతే అనిపించింది.