రాజశేఖరం రెడ్ ఫ్లాగా?

పోయిన వేసవిలో మా అత్తయ్యకి కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆపరేషన్ ఎంతోసేపు పట్టలేదు గానీ, ఆ తర్వాతే అసలు పని మొదలైంది. టైము ప్రకారం చుక్కల మందు వెయ్యాలి, తలస్నానం వద్దు, పొయ్యి దగ్గరికి రావద్దు. పాత కళ్ళజోడు ఇక పనికిరాదు, కొత్తది నెల దాటాక గానీ ఇవ్వరు. టీవీ పెడితే కన్ను లాగుతోందనేవారు. మూడో రోజుకే ఆవిడకి విసుగు పుట్టేసింది.

"ఏదైనా చదివి పెట్టకూడదుటే, చెవులు బాగానే ఉన్నాయిగా నాకు!" అన్నారు.

ఏం చదవమంటారని అడిగితే, బీరువా అడుగు అరలో ఖాకీ అట్ట వేసిన పుస్తకం ఉంటుంది తెమ్మన్నారు. తీసి చూస్తే యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'!

ఈ పేరు వినగానే మీలో సగం మంది మొహాల్లో నవ్వు నాకిక్కడికే కనిపిస్తోంది. 1960లలో వచ్చిన నవల. 1976లో రామానాయుడుగారు నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమాగా కూడా తీశారు. మా అమ్మ తరం చదివింది, మేమూ చదివాం. నేనైతే ఇంటర్లో కెమిస్ట్రీ పుస్తకం మధ్యలో పెట్టుకుని మరీ చదివాను. ఆ ఏడు కెమిస్ట్రీలో మార్కులు ఎన్నొచ్చాయో మాత్రం అడక్కండి.

సరే, మధ్యాహ్నం భోజనాలయ్యాక చదవడం మొదలుపెట్టాను. సిగ్గు విడిచి ఒక సంగతి చెప్పాలి. రెండో పేజీ తిప్పేలోపే నా చెయ్యి దానంతటదే పక్కనున్న ఫోన్ మీదకి పోయింది. ఏ మెసేజూ రాలేదు, అది మోగనూ లేదు. ఊరికే పోయిందంతే. ఒకప్పుడు అన్నం కూడా మర్చిపోయి నవల పూర్తి చేసినదాన్ని, పట్టుమని పది నిమిషాలు కూర్చోలేకపోతున్నానా అని నాకే భయం వేసింది. మర్నాటి నుంచి ఫోన్ వంటింట్లో వదిలేసి కూర్చునేదాన్ని.

నాలుగో రోజు మా అమ్మాయి వచ్చి అత్తయ్య మంచం చివర కూర్చుంది. ఇరవై రెండేళ్ళు, అప్పుడే ఇంజనీరింగ్ అయింది. తెలుగు మాట్లాడుతుంది గానీ, చదవాలంటే సినిమా పోస్టర్ దాకానే. కాసేపు విని పకపకా నవ్వింది.

"అమ్మా, మీ రాజశేఖరం పెద్ద రెడ్ ఫ్లాగ్!"

రెడ్ ఫ్లాగ్ అంటే ఏమిటని అత్తయ్య అడిగారు. ఫలానా మగాడితో ముందు ముందు ఇబ్బందే అని తెలిపే గుర్తు అని చెప్పింది. "ఆరడుగుల ఎత్తు, కారు, బంగళా, బోలెడు అహం. మనసులో ఏముందో నోరు తెరిచి చెప్పడు. చెప్పేస్తే ఈ కథ ఇరవై పేజీల్లో అయిపోయేది కదా! ఇప్పుడు ఆఫీసులో ఇలా ఉంటే హెచ్‌ఆర్‌కి మెయిల్ పోతుంది." దాని ఫోన్లో పుస్తకాల గురించి రీల్స్ చేసే పిల్లలు బోలెడుమంది ఉన్నారు. ముప్పై సెకన్లలో పాత హీరోలందరికీ తీర్పులు చెప్పేస్తారు.

నాకు చిన్నప్పటి దేవుణ్ణి తిట్టినంత కోపం వచ్చింది. "ఆ రోజుల్లో అలాగే ఉండేది" అన్నాను. అన్నాక నాకే అది జవాబులా అనిపించలేదు. నిజానికి అది చెప్పింది తప్పు కాదు. మౌనంగా ఉండే మొగుడి లోపల కొండంత ప్రేమ దాగుంటుందని నమ్మి ఎన్నేళ్ళు ఎదురుచూశామో మనకి తెలీదా? మా వయసులో మాకు ఆ 'రెడ్ ఫ్లాగ్' అనే మాటే ఉండి ఉంటే, కొన్ని కన్నీళ్ళు తప్పేవేమో.

అత్తయ్య మాత్రం నింపాదిగా అన్నారు. "రాత్రిళ్ళు నువ్వు చూసే ఆ కొరియా సీరియల్లో కుర్రాడు ఎవరే? కంపెనీ చైర్మన్ కొడుకన్నావు, పొడుగన్నావు, పలకడన్నావు. వాడు రాజశేఖరం కాక మరెవరు?"

మా అమ్మాయి నోరు మూతపడడం నేను చాలా అరుదుగా చూస్తాను. ఆ రోజు చూశాను.

అంతటితో నవ్వుకుని లేచిపోయేవాళ్ళమే. కానీ అత్తయ్య ఇంకో మాట అన్నారు. "అయినా రాజశేఖరం కోసం ఎవరు చదివారే? నేను జయంతి కోసం చదివాను."

జయంతి అంటే ఆ నవల్లో నాయిక. ఉద్యోగం చేసుకునే పిల్ల.

అప్పుడు చెప్పారు. ఆవిడ పెళ్ళికి ముందు గుడివాడలో టైపు నేర్చుకున్నారట. లోయర్ ప్యాసయ్యారు, హయ్యర్‌కి కట్టారు. అద్దె లైబ్రరీ నుంచి నవలలు తెచ్చుకునే రోజులవి. ఇచ్చిన గడువులోపు చదివి తిరిగిచ్చెయ్యాలి. ఈ ఒక్క పుస్తకం మాత్రం చిల్లర కూడబెట్టి కొనుక్కున్నారట. ఒక ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకి కార్డు కూడా వచ్చింది. వాళ్ళ నాన్నగారు ఆ కార్డు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టలేదు, వద్దనీ అనలేదు. ఆరు నెలల్లో పెళ్ళి చేసేశారు.

"పొద్దున్నే చీర కట్టుకుని, బ్యాగు తగిలించుకుని ఒక ఆడపిల్ల ఆఫీసుకి వెళ్తుంది చూడూ, ఆ పేజీలే మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. మిగతాదంతా ఎలాగూ తెలిసిందే" అన్నారు.

పెళ్ళయి పాతికేళ్ళు. ఈ ఇంట్లో ఆవిడతో కలిసి ఎన్ని ఆవకాయలు పెట్టానో లెక్కలేదు. ఆవిడకి టైపు వచ్చన్న సంగతి నాకు తెలీదు. మావారికీ తెలీదు.

ఆ రోజు ఇంట్లో ఇంకో విషయం నలుగుతోంది. మా అమ్మాయికి పుణెలో ఉద్యోగం వచ్చింది. మావారు "ఇక్కడే వెతుక్కోవచ్చుగా, ఆడపిల్ల ఒక్కతీ అంత దూరం ఎందుకు" అంటున్నారు. నేను అటూ ఇటూ తేల్చకుండా "నాన్నగారు చెప్పినట్టు విను" అంటూ తప్పించుకుంటున్నాను. అది పుట్టినప్పుడు నేను స్కూల్లో టీచరు ఉద్యోగం మానేశాను. మానమని నన్నెవరూ అనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు. జేబులోకి వెళ్ళిన ఆ కార్డు సంగతి వింటుంటే, నేను చేస్తున్నదీ అదే కదా అనిపించింది. కాకపోతే కార్డు బదులు ఆఫర్ లెటర్, అంతే.

రాత్రి భోజనాల దగ్గర నేనే ఎత్తాను. "దాన్ని పుణె పంపిద్దామండీ" అన్నాను. మావారు వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ పచ్చ అద్దాల కళ్ళజోడు సర్దుకుంటూ "పంపించరా, ఈసారైనా" అన్నారు. 'ఈసారైనా' ఏమిటో ఆయనకి అర్థం కాలేదు. తర్వాత నేను చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు మనిషి.

పాత నవలలు గొప్పవి, ఇప్పటి పిల్లలకి ఏం తెలుసు అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మా అమ్మాయి అడిగిన ప్రశ్న మంచిదే, మనం అడగలేదు, అది అడిగింది. నాకు తట్టిందల్లా ఒకటే. ఒక పుస్తకం మంచిదా చెడ్డదా అని ముప్పై సెకన్లలో తేల్చెయ్యొచ్చు. కానీ మన ఇంట్లో మనిషి దాన్ని యాభై ఏళ్ళు అట్ట వేసి ఎందుకు దాచుకుందో, పక్కన కూర్చుని అడిగితే తప్ప తెలియదు. నాకైతే శుక్లాల పుణ్యమా అని తెలిసింది.

అత్తయ్యకి కొత్త కళ్ళజోడు వచ్చింది. ఇప్పుడు తనే చదువుకుంటున్నారు. అయినా మధ్యాహ్నం మూడింటికి నేను పుస్తకం పట్టుకుని వెళ్ళడం మానలేదు. పుణె నుంచి రాత్రి వీడియో కాల్ వస్తుంది. నేను "తిన్నావా?" అంటాను. మావారు "తలుపు గడియ పెట్టుకున్నావా?" అంటారు. అత్తయ్య ఫోన్ లాక్కుని మొదట అడిగేది మాత్రం ఇదీ:

"జీతం నీ పేరు మీదే పడుతోందిగా?"