రక్తంలో ఇనుముంది సరే, అయస్కాంతం లాగుతుందా?

మొన్నో ఆదివారం మారేడ్‌పల్లిలో మా బాబాయి వాళ్ళింటికి వెళ్తే ఒకాయన అయస్కాంతాల పరుపు అమ్మడానికొచ్చి కూర్చున్నాడు. ధర 38 వేలు. "రక్తంలో ఐరన్ ఉంటుంది కదా సార్, మాగ్నెట్ దాన్ని లాగుతుంది, సర్క్యులేషన్ పెరుగుతుంది" అనేది ఆయన లాజిక్. బాబాయికి షుగరు, కాళ్ళ తిమ్మిర్లు. పిన్ని అప్పటికే చెక్కుబుక్కు వెతుకుతోంది. డబ్బులు పోవడం ఒకెత్తు, ఆ పరుపుని నమ్ముకుని తిమ్మిర్లకి డాక్టరు దగ్గరికెళ్ళడం మానేస్తే?! నేను కోడు రాసుకునేవాణ్ణే గానీ ఈ ఒక్క విషయం కాస్త చదివి ఉన్నాను. ఇక నోరు ఊరుకోలేదు :)

అసలు సంగతేంటంటే... అయస్కాంతం లాగేది ఇనుమనే పేరుని చూసి కాదు, జతలేని ఎలక్ట్రాన్లని చూసి. మేకులో అలాంటి ఎలక్ట్రాన్లు కోట్లకి కోట్లు ఒకే దిక్కుకి నిలబడతాయి. రక్తంలో అంత గుంపు లేదు. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగంటే నాలుగే ఇనుప పరమాణువులు, అవీ దూరం దూరంగా.

తమాషా ఇక్కడుంది. ఆక్సిజన్ అందని ఇనుముకి జతలేని ఎలక్ట్రాన్లు 4. ఆక్సిజన్ అణువుకి సొంతంగా 2. రెండూ కలిస్తే 6 అవ్వాలి కదా? సున్నా! 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ కొలిచి మరీ చూపించారు. ఎందుకలా అంటే, 1964లో వైస్ అనే శాస్త్రవేత్త చెప్పిన వివరణ ఇది: ఇనుము తన ఎలక్ట్రాన్ ఒకటి ఆక్సిజన్‌కి ఇచ్చేస్తుంది. దాంతో ఆక్సిజన్ సూపర్ ఆక్సైడ్ అనే రాడికల్ అయిపోతుంది. ఇనుము దగ్గర ఒకటి, రాడికల్ దగ్గర ఒకటి జతలేనివి మిగిలి, ఎదురెదురు దిక్కులకి తిరిగి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పౌలింగ్ దీన్ని ఒప్పుకోలేదు, ఆ వాదన దశాబ్దాలు నడిచింది. ఎవరి లెక్క ప్రకారమైనా జవాబు సున్నానే.

అంటే ఆక్సిజన్ నిండా ఉన్న రక్తాన్ని అయస్కాంతం లాగదు సరికదా, అతి కొద్దిగా నెడుతుంది. అయినా 1.5, 3 టెస్లాల ఎమ్మారై మెషీన్లో గంటసేపు పడుకున్నవాళ్ళ రక్తమే ఎటూ పోవడం లేదు, దానిముందు పరుపులో బిళ్ళలెంత? ఈ మాట అన్నాక చెక్కుబుక్కు బీరువాలోకి వెళ్ళిపోయింది. మర్నాడు బాబాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ ఉన్న ఈ చిన్న తేడానే 1990లో సెయిజి ఒగావా పట్టుకున్నారు. మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే ఎఫ్ఎమ్మారై అలా పుట్టింది.

ఈ కథలో మన సికింద్రాబాద్ కూడా ఉందండోయ్. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే, మలేరియా రోగిని కుట్టిన దోమని కోసి, దాని పొట్ట గోడలో నల్లటి రేణువులున్న కణాలు చూశాడు. మలేరియా రోగుల రక్తంలో కనబడే రేణువులే అవి. దోమకీ మలేరియాకీ ముడి అలా దొరికింది, 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఆయన పేరుతోనే ఉంది.

ఆ రేణువుల పేరు హీమోజోయిన్. పరాన్నజీవి మన హిమోగ్లోబిన్‌ని తినేసి, తనకి విషమయ్యే ఇనుము భాగాన్ని ఇలా స్ఫటికాలుగా పక్కన పడేస్తుంది. ఇక్కడ పక్కన ఆక్సిజన్ రాడికల్ లేదు, కొట్టేసేవాళ్ళు లేరు. ఒక్కో ఇనుముకి 5 జతలేని ఎలక్ట్రాన్లు అలాగే ఉండిపోతాయి. అందుకే ల్యాబుల్లో ఉక్కు పీచులాంటిది నింపిన గొట్టాన్ని బలమైన అయస్కాంతం మధ్య పెట్టి రక్తం పోస్తే, మామూలు ఎర్ర కణాలు జారిపోతాయి, ముదిరిన మలేరియా కణాలు పట్టుబడతాయి.

కాబట్టి రక్తంలో ఇనుముని అయస్కాంతం లాగే మాట నిజమే... కాకపోతే అది మలేరియా తినేసిన ఇనుము!