గాజు లేని గాజు

తాటిముంజెలు తినేశాక ఆ కాయల్ని ఏం చేస్తారు? పెద్దవాళ్లయితే అవతల పారేస్తారు. పిల్లలైతే రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలించి బండి తోలుకుంటారు.

మా హనుమాన్‌ జంక్షన్‌కు ఒకపక్క నూజివీడు మెట్ట, మరోపక్క గుడివాడ మాగాణి. మెట్ట పిల్లలకు ముంజికాయల బండి ఉంటే మాగాణి పిల్లలకు కలువపూల గొలుసు. చెరువులో పూసిన కలువను కాడతో సహా తెంపి, పైపొర తెగకుండా అటో ముక్క, ఇటో ముక్క విరుచుకుంటూ వస్తే మెళ్లోకి గొలుసు. పువ్వే పతకం! ఇక కొబ్బరాకు వాచీ, కళ్లజోడు సరేసరి. వీళ్లకు ఎవరు నేర్పారంటారా? పక్కింటి మరో పిల్లో, పిల్లాడో!

మా అమ్మాయికి ఏడేళ్లు. కిందటి వేసవి సెలవుల్లో జాకెట్టు గుడ్డల ముక్కలన్నీ ముందేసుకుని, ఓ పాత ప్లాస్టిక్‌ గాజుకు చుడుతూ కూర్చుంది. ‘ఎవరికే?’ అంటే ‘నాయనమ్మకి’ అంది.

నా గుండెల్లో రాయి పడింది. మామయ్యగారు పోయిన దగ్గర్నుంచి అత్తయ్య చేతులకు గాజులు లేవు. సంక్రాంతికి మా ఆడపడుచు బందరు నుంచి చిలకలపూడి రోల్డుగోల్డు గాజులు తెచ్చినా, ‘ఇప్పుడు నాకెందుకే’ అంటూ పెట్టెలో పెట్టేశారు. ఇంట్లో ఎవరమూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పిల్లకు అవన్నీ ఏం తెలుసు? తిన్నగా వెళ్లి చెయ్యి పట్టుకుంది.

‘నేను గాజులు వేసుకోను తల్లీ’ అన్నారావిడ.

పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘ఇందులో గాజు లేదు నాయనమ్మా, అంతా గుడ్డే!’

అత్తయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాపారు.

గాజు అనగానే మనకు ఐదోతనం, ఆచారం, నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు... అన్నీ గుర్తుకొస్తాయి. పిల్లలకు అవేవీ అడ్డురావు. అందుకే పారేసే కాయలో చక్రం, గుడ్డపేలికలో కానుక కనిపిస్తాయి.

మీ ఇంట్లోనూ పిల్లల చేత చేయించి చూడండి. కావాల్సింది ఓ పాత గాజు, అంగుళం వెడల్పు, మూరన్నర పొడవున్న గుడ్డ పీలిక, కాస్త ఫెవికాల్‌. పీలిక కొసను లోపలివైపు అంటించి, ఒక చుట్టు మీదికి రెండోది సగం వచ్చేలా బిగించి చుట్టాలి. చివరి కొస కూడా లోపలికే అంటించి, రాత్రంతా ఆరనిస్తే చాలు. పైన అద్దాలు, పూసలు, చింతగింజలు ఏవైనా అతికించుకోవచ్చు. ఎర్రగా ముద్దొస్తున్నాయని గురివింద గింజలు మాత్రం ఇవ్వకండి. వాటిలో అబ్రిన్‌ అనే విషం ఉంటుంది. పగిలిన గింజను నమిలితే ప్రాణం మీదికొస్తుంది.

చుట్టలు వంకరగా వచ్చాయని మీరు విప్పి సరిచేయొద్దు. ఆ వంకర వాళ్ల సంతకం!

గుడ్డ గాజు కదా, నీళ్లలో నాని తొందరగానే మాసిపోతుంది. మాసినప్పుడల్లా మా పిల్ల కొత్తది చుడుతోంది. ఇప్పుడు అత్తయ్య చేతికున్నది నాలుగోది. దానికి రంగు ఆవిడే ఎంచుకున్నారు... ముదురాకుపచ్చ!