నాయనమ్మ ఫోటో

పోయినేడాది మా నాయనమ్మ చనిపోయింది. పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలి, మంచి ఫోటో ఒకటి చూడరా అన్నారు నాన్న. నా ఫోన్‌లో పదమూడు వేల ఫోటోలున్నాయి. వాటిలో నాయనమ్మ ఉన్నవి తొమ్మిది. అన్నీ పెళ్ళిళ్ళలో తీసినవే. పట్టుచీర, మోకాళ్ళ మీద చేతులు, ఎవరో కోప్పడ్డట్టు బిగుసుకున్న ముఖం. వాటిలోనే ఒకటి ఇచ్చాం. తెనాలిలో ఫ్లెక్సీ కుర్రాడు వెనకాల జలపాతం పెట్టి పంపాడు. సంగం జాగర్లమూడి నుంచి రైలెక్కితే ఇటు తెనాలి, అటు గుంటూరు తప్ప ఎరగని మనిషి వెనకాల జలపాతం!

నాకు గుర్తున్న నాయనమ్మ వేరే. తెల్లవారుజామున పాలు పితికి, పాలకేంద్రానికి పంపగా మిగిలినవి దాలి మీద పెట్టి, ముక్కాలిపీట మీద కూర్చుని పిడకలు సర్దుతుండేది. మేం లేచి వచ్చేసరికి ఎప్పుడూ అటు తిరిగే ఉండేది. నిజం చెప్పాలంటే ఆమె ముఖం కంటే వీపే నాకు బాగా గుర్తు. ఆ వీపు ఒక్క ఫోటోలోనూ లేదు.

హైదరాబాద్ తిరిగి వచ్చాక ఒక రాత్రి ఆఫీసు పనిలో ఏదో బిల్డ్ పూర్తయ్యే దాకా ఖాళీగా బొమ్మలు చూస్తున్నాను. ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. వంటిల్లు. కిటికీకి పసుపు పచ్చని తెర, దానిలోంచి ఎండ. ఎర్ర పావడా కట్టుకున్న పనిమనిషి మనకి వీపు పెట్టి ఏదో పని చేసుకుంటోంది. అంతే. గీసింది డెన్మార్క్ చిత్రకారిణి అన్నా ఆంకర్, 1883–86 మధ్య. ఇప్పుడది కోపెన్‌హేగెన్‌లో ఒక మ్యూజియంలో ఉంది.

ఆమె గురించి చదివాను. డెన్మార్క్ ఉత్తరపు కొసన స్కాగెన్ అనే చేపలవాళ్ళ ఊరు. ఎక్కడెక్కడి చిత్రకారులో అక్కడికి వచ్చి సముద్రాన్నీ పడవల్నీ గీసేవారు. వాళ్ళలో ఆ ఊళ్ళోనే పుట్టింది ఈమె ఒక్కతే. ఆ రోజుల్లో అక్కడి రాయల్ అకాడమీ ఆడవాళ్ళని చేర్చుకునేది కాదు. అందుకని ప్రైవేటుగా నేర్చుకుంది. ఎక్కువగా గీసింది ఇంటి లోపలే. 1891లో తన కూతురు నీలం గదిలో కూర్చుని అల్లిక పని చేసుకుంటుంటే గోడ మీద పడ్డ ఎండతో సహా గీసింది. బయటివాళ్ళకి సముద్రం కనిపించింది, ఊరి మనిషికి వంటిల్లు కనిపించింది.

మనకీ గొప్ప చిత్రకారులున్నారు. రాజమండ్రి దామెర్ల రామారావు గారు తెలుగు ఆడవాళ్ళని ఎంత అందంగా గీశారో! 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకి 28 ఏళ్ళు కూడా నిండలేదు, ఇంచుమించు నా వయసు. మా ఊరికి దగ్గర్లోనే, దుగ్గిరాల పక్క తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ గారు లోకంలోని బొమ్మలన్నిటి గురించీ రాశారు. అంత దగ్గర్లో పుట్టి పెరిగి, ఇంజినీరింగ్ చదివిన నేను మా వంటింటినే సరిగ్గా చూడలేదు.

ఈ వేసవిలో ఇంటికెళితే ఆ పాత వంటిల్లు పడగొడతామన్నారు. నేను అడ్డం పడ్డాను. ఫోన్‌లో ఆ బొమ్మ చూపించి, ఇలాంటివి కాపాడుకోవాలమ్మా అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. అమ్మ బొమ్మ శ్రద్ధగా చూసింది.

"బాగుందిరా. ఇందులో పొగేదీ?" అంది.

నాకు మాట రాలేదు.

"మీ నాయనమ్మ దగ్గు నీకు గుర్తుందా? నలభై ఏళ్ళ పొగ అది. నువ్వు సెలవులకొచ్చి చూసి పోతావు. వండేది నేను."

నాయనమ్మ వీపు గుర్తుంది కానీ దగ్గు గుర్తులేదు. అందమైనదే దాచుకుని, కష్టాన్ని వదిలేశానన్నమాట. ఇంకేం వాదిస్తాను? పడగొట్టడానికి ఒప్పుకున్నాను.

పడగొట్టే ముందురోజు పొద్దున అమ్మ అక్కడే కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు కోస్తోంది. వెనక నుంచి ఫోన్ తీశాను.

"ఆగరా, చీరన్నా మార్చుకుని వస్తా" అంది తిరక్కుండానే.

"వద్దమ్మా, అలాగే ఉండు."

ఒక్కటే తీశాను. "అయిందా? అయితే వచ్చి ఇవి కొయ్యి, నేను పాలు చూడాలి" అని కత్తిపీట నా వైపు జరిపి లేచింది.

ఆ ఫోటో నా దగ్గరుంది. ఆ రోజు కూరలో సగం ముక్కలు వంకరగా ఉన్నాయని నాన్న అన్నారు. ఎవరు కోశారో అమ్మ చెప్పలేదు.