కొండను కొనుక్కున్న ఊరు

తెల్లారకముందే కుప్పంలో రైలెక్కి, బెంగళూరులో పని చేసుకుని, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లు ఎంతోమంది. టోక్యో పక్కన కూడా అలాంటి ఊరొకటి ఉంది. పేరు కమకుర. మహానగరానికి దాదాపు 50 కిలోమీటర్లు, రైల్లో గంట ప్రయాణం. పనిరోజుల్లో కమకుర జనం టోక్యోకు పోతారు. సెలవు రోజుల్లో టోక్యో జనం కమకురకు వస్తారు. ఎందుకంటే అది ఒకప్పుడు దేశాన్ని నడిపిన ఊరు. 12వ శతాబ్దం చివరి నుంచి 1333 దాకా షోగన్లనే సేనానుల ప్రభుత్వం ఉన్నది అక్కడే.

శాంతిపురం మండలానికి చెందిన ఓ పట్టురైతు దంపతులు, టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి వెళ్లారు. పురుగులు మేపే పంటకూ పంటకూ మధ్య దొరికిన ఖాళీ అది. ఆ రైతుకు జపాన్ మరీ కొత్తేమీ కాదు. 1991 నుంచి 2007 దాకా జపాన్ సంస్థ జైకా, మన కేంద్ర పట్టు మండలి కలిసి దక్షిణాదిన బైవోల్టిన్ పట్టును రైతుల దాకా తెచ్చాయి. ఆయన షెడ్డులో పెరిగేదీ ఆ రకమే.

ఒక ఆదివారం ముగ్గురూ కమకుర బయల్దేరారు. అమ్మ తెల్లవారుజామునే లేచి చిత్రాన్నం, ఉర్లగడ్డ తాళింపు కట్టింది. స్టేషన్లో దిగి నేరుగా నడిస్తే హచిమాన్ అనే యుద్ధదేవుడి గుడి. మెట్ల పక్కన కంచె వేసి ఉన్న ఓ మొద్దు దగ్గర జనం ఆగి ఆగి చూస్తున్నారు. వెయ్యేళ్ల నాటిదని చెప్పుకునే గింకో చెట్టట అది. 2010 మార్చి 10న గాలికి కూలిపోయింది. చెట్టు పోయిందని ఎవరూ వేరు తవ్వి పారేయలేదు. మొద్దును కాపాడారు. అది మళ్లీ చిగురేసింది. 'మన చింతమాను కూలితే సాయంత్రానికి కట్టెల లెక్క తేలిపోతుంది' అని నవ్వాడు రైతు.

అక్కడి నుంచి జెనియరాయ్ బెంటెన్ గుడికి. కొండను తొలిచిన సొరంగంలోంచి లోపలికి వెళ్లాలి. గుహలో ఊటనీళ్లు. జనం చిన్న వెదురుబుట్టల్లో డబ్బులు పెట్టి కడుగుతున్నారు. కడిగిన డబ్బు రెట్టింపవుతుందని నమ్మకం. బెంటెన్ అంటే మన సరస్వతేనని కొడుకు చెప్పేసరికి అమ్మ ఆశ్చర్యపోయింది. బౌద్ధంతోపాటు చైనా మీదుగా జపాన్ చేరి, వీణలాంటి వాయిద్యం పట్టుకున్న దేవతగా స్థిరపడిందా తల్లి.

'సరస్వతమ్మ దగ్గర డబ్బులు కడిగేదేందిరా? ఆమె ఇచ్చేది చదువు కదా!'

'ఇక్కడ ఆ రెండు పనులూ ఆమే చూసుకుంటుందిమా.'

అమ్మ సంచిలోంచి అయిదు రూపాయల బిళ్ల తీసి కడిగి, కొంగున ముడేసుకుంది.

మధ్యాహ్నానికి మహాబుద్ధుడి దగ్గరికి చేరారు. 13వ శతాబ్దపు కంచు విగ్రహం. పీఠం కాకుండానే ఎత్తు 11 మీటర్ల పైచిలుకు. బరువు 121 టన్నులు. ఒకప్పుడు పైన పెద్ద మందిరం ఉండేది. ప్రకృతి విపత్తులకు అది పోయింది. 15వ శతాబ్దం చివరి నుంచీ బుద్ధుడు ఎండకూ వానకూ ఆరుబయటే కూర్చున్నాడు. 1923 నాటి పెనుభూకంపాన్నీ తట్టుకున్నాడు.

సముద్రం ఒడ్డున క్యారేజీ విప్పబోతుంటే కొడుకు వారించాడు. ఇక్కడి గద్దలు చేతిలో ముద్ద తన్నుకుపోతాయట! నీడపట్టున కూర్చుని తిన్నారు. తర్వాత ఊదారంగు గెనుసుగడ్డతో చేసిన ఐస్‌క్రీమ్.

రైతు చూపు మాత్రం ఊరిచుట్టూ ఉన్న కొండల మీదే ఉంది. అన్నీ పచ్చగా, నిండుగా ఉన్నాయి. 'టోక్యోకు ఇంత దగ్గర. సెంటు ఎంత పలుకుతుందో! వీటినెట్లా వదిలిపెట్టినారు?' అన్నాడు.

వదిలిపెట్టలేదు. 1964లో హచిమాన్ గుడి వెనక అడవి కొట్టి ఇళ్ల స్థలాలు వేయబోయారు. ఊరివాళ్లు అడ్డం తిరిగారు. కమకురలో ఉండే నవలాకారుడు ఒసరాగి జిరో వాళ్లతో నిలబడ్డాడు. సంఘం పెట్టుకుని, చందాలు వేసుకుని ఆ అడవిలో కొంత భూమిని కొనేశారు. 1966లో పాత రాజధానుల పరిరక్షణకు ప్రత్యేక చట్టమే వచ్చింది. క్యోటో, నారాలతోపాటు కమకుర కూడా దాని కిందికి చేరింది.

రైతు అడిగిన ప్రశ్న ఒక్కటే. 'ఎవరి పేరున రిజిస్ట్రీ చేయించుకున్నారు?'

'సంఘం పేరున నాయనా.'

'అయితే పంపకాలకు రాదు. మంచి పని చేసినారు.'

కుప్పం పక్క కొండల రాయికి దేశం దాటి పేరుంది. 'కుప్పం గ్రీన్' అంటే గ్రానైట్ వ్యాపారులందరికీ తెలుసు. జపాన్‌వాళ్లు సమాధి రాళ్లకు దక్షిణ భారత గ్రానైట్‌ను దశాబ్దాలుగా కొంటున్నారు. క్వారీ కూలితో పొయ్యి వెలిగే ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఒక్క కొండనూ ముట్టుకోవద్దనడం తేలిక కాదు. 1964లో టోక్యో జనానికీ ఇళ్లు అవసరమే. కమకురవాళ్లు అన్ని కొండలూ ఆపలేదు. గుడి వెనకున్న ఆ ఒక్కటీ పోతే తమ ఊరు తమది కాకుండా పోతుందనుకున్నారు. ఏది పోకూడదో ముందుగా తేల్చుకున్నారు.

తిరుగు రైల్లో ఆ రైతు కుప్పం దగ్గరి కంగుంది గురించే మాట్లాడాడు. ఒకప్పుడు జమీందారీ నడిచిన చోటు అది. కొండమీద పాత కోట ఇంకా మిగిలే ఉంది. బెంగళూరు దగ్గరపడేకొద్దీ భూముల ధరలు పెరుగుతాయి. ఆ కొండ వంతు రాకముందే ఊరు కూర్చుని మాట్లాడుకోవాలన్నది ఆయన మాట. జపాన్ నుంచి మోసుకొచ్చిన వస్తువుల్లో కస్టమ్స్ వాళ్లకు కనిపించనిది అదొక్కటే.