మందు కొట్టని ఊరి దారిలో

ఫిబ్రవరిలో నెక్కొండ గాలికి మిర్చి ఘాటు ఉంటుంది. ఊరి బయటికి నడిస్తే కల్లాల నిండా ఎర్రగా ఆరబోసిన కాయ, దాని చుట్టూ కూర్చుని తాలు ఏరే ఆడవాళ్లు, ఎనుమాముల మార్కెట్‌కు పోవడానికి కుట్టిపెట్టిన బస్తాలు. ఈ చుట్టుపక్కల పండే చపాట మిర్చిని టమాట మిర్చి అని కూడా అంటారు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నాదొకటే కోరిక: పురుగుమందు తగలని కూరగాయ, పప్పు ఇక్కడి రైతు దగ్గరే కొనుక్కోవాలి. చుట్టూ పొలాలే అయినా అది అంత సులువు కాలేదు. అంగడిలో ఒక అవ్వను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. "పుంటికూర మా ఇంటెనుకది బిడ్డా, దానికేం కొట్టలే. వంకాయ ముచ్చట నన్నడగకు, అది నేను గూడ కొనుక్కొచ్చిన్నే." ఆ రోజు పుంటికూరతో పాటు ఆమె మాట మీద నమ్మకం కూడా వెంట తెచ్చుకున్నాను.

ఆమె చెప్పిన గుర్తులతో ఒక రైతు చేను దగ్గరికి వెళ్లాను. బావి పక్కన చిక్కుడు పందిరి, రెండు సాళ్ల టమాట. "ఇవి ఇంట్లకు సార్, మందు కొట్టలే. అమ్మేటిది గదిగో," అని మిరపతోట చూపించాడు. అతని మాటలో దాపరికం లేదు, బాధ ఉంది. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతలో చేరి, ఎన్ని మందులు మార్చినా లొంగలేదు. వేల ఎకరాల తోటలు పోయాయి. "మానుకుందామనే ఉంటది సార్. నేనొక్కన్ని మానితే పక్క చేన్ల పురుగు నా చేన్లకు రాదా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను రైలెక్కించింది. వరంగల్, కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్ దాటుతుంటే తోటల పచ్చదనం పలచబడి గుట్టలు, తాటిచెట్లు, ఎర్ర చెల్కలు మొదలయ్యాయి. జనగామలో దిగి, ఊరంతా కలిసి మందు మానేసిన ఏనబావికి, లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఆ ఊరికి, ఆటోలో బయలుదేరాను. 2016లో జిల్లాలు విడిపోయేదాకా ఇదీ నెక్కొండా ఒకే వరంగల్ జిల్లా. 1997-98లో పత్తికి లద్దెపురుగు, పచ్చపురుగు తగిలి, మందుల అప్పు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్న జిల్లా. విత్తనం, మందు అప్పు ఇచ్చే వ్యాపారే పంటా కొనే పద్ధతిలో, మందు పనిచేయకపోయినా బాకీ మాత్రం పెరిగేది.

ఏనబావి చిన్న ఊరు. సాగుభూమి 282 ఎకరాలు. ఇక్కడ మార్పు ఆముదం చేలను తినే ఎర్ర గొంగళి పురుగుతో మొదలైంది. తొలకరి వాన పడగానే భూమిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి, గుడ్లు పెడతాయి. ఆ రాత్రుల్లో చేలగట్ల మీద మంటలు వేస్తే వెలుగుకు వచ్చి పడి చస్తాయి. అయితే మంట ఒక్కరు వేస్తే చాలదు, అన్ని చేలల్లోనూ అదే రాత్రి వెలగాలి. క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడు నిలిచాయి. మంటలతో మొదలైన ఆ పొత్తు వేపగింజల కషాయానికి, చెరువు మట్టికి, పశువుల ఎరువుకు విస్తరించింది. 2006 నాటికి ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగుమందులు వదిలేసింది.

కషాయం తయారీ దాచుకునే విద్యేమీ కాదు. 5 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్ల నీళ్లలో కలిపి కొడతారు. పురుగుకు ఆకు తినబుద్ధి కాదు. నెక్కొండ రైతుకు కావలసింది ఈ లెక్క కాదు, అది అతనికి తెలుసు. పక్క చేను వాడు కూడా కలిసి రావడం కావాలి. ఏనబావికి ఉన్న బలం అదే.

ఇదే పాఠం దూరదేశంలోనూ కనిపిస్తుంది. 1991లో సోవియట్ యూనియన్ కూలి ఎరువులు, మందులు అందకుండా పోయినప్పుడు, కరీబియన్ దీవి క్యూబాలో జనం హవానా నగరంలోని ఖాళీ జాగాల్లో మళ్లు కట్టి, సేంద్రియ ఎరువుతో కూరగాయలు పండించారు. పండించేవాళ్లూ తినేవాళ్లూ ఆ వాడల వాళ్లే.

మన దగ్గర పీజీఎస్ అనే ధ్రువీకరణ పద్ధతిలో రైతులు గుంపుగా చేరి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఇది పెద్ద ఖర్చు లేని పని, సాటి రైతు కళ్లు కప్పడం కష్టం. ఇది నెక్కొండలోనూ సాధ్యమే. తినేవాళ్లం కూడా అలాగే గుంపు కట్టాలి. పంట వేయకముందే ఇంత కొంటామని మాట ఇవ్వాలి, పుచ్చొకటి కనిపించినా తీసుకోవాలి, ఏ కాలంలో పండింది ఆ కాలంలో తినాలి. తిరిగొచ్చాక మా వీధిలో నాలుగిళ్ల వాళ్లం కూర్చుని ఆ మాట అనుకున్నాం. వచ్చే తొలకరికి ఆ నెక్కొండ రైతు బావి పక్క రెండు సాళ్లు ఎకరం కావాలని, అతని గట్టు పక్క రైతుకూ అదే మాట ఇవ్వాలని మా ప్రయత్నం.