నల్లమలలో ఉప్పుగడ్డ

హైదరాబాదునుండి శ్రీశైలమునకు బోవు త్రోవలో మన్ననూరు దాటినపిదప నల్లమల యడవి దట్టమగును. ఇది 2,611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముగల అమ్రాబాదు పులుల సంరక్షణారణ్యము. ఇందు చుక్కలదుప్పులును, కణుజులును మందలుగా మేయుచుండును. యాత్రికుల కన్నులు పులినే వెదకును. లోపలి నీటిగుంటల చేరువను, మృగములు నాకుటకై యటవీశాఖవారుంచు ఉప్పుగడ్డలనుగూర్చి తలచువారరుదు.

అడవినిండ పచ్చిక యుండగా ఉప్పేల యని సోదరీమణు లడుగవచ్చును. ఆకులందు పొటాసియము మెండు, సోడియము స్వల్పము. తొలకరిని మొలచిన లేతగడ్డి మేసిన దుప్పి, అధికమైన పొటాసియమును విసర్జించుచు దానితోపాటు సోడియమునుగూడ గొంత కోల్పోవును. కావున వానలనాడే ఉప్పుపై మక్కువ హెచ్చు. చవిటినేల కనబడినచోట మృగములు మన్ను నాకుట యీ కొఱతవలననే.

మగకణుజు సాధారణముగా వేసవిలో కొమ్ములు రాల్చి, వానకాలమున క్రొత్తవి పెంచి, చలికాలమునకు గట్టిపఱచుకొనును. వానికి వలయు కాల్షియమును, భాస్వరమును మేతలో చాలనిచో తన యెముకలనుండియే తీసికొనును. పాలిచ్చు తల్లియు నంతియే. బిడ్డకొఱకు తన యెముకలనే కరగించుకొనును. తల్లులకు దీనిని వేఱుగా జెప్పనక్కఱలేదు. కావున వట్టి ఉప్పుకంటె, పాడిపశువుల కొట్టములలో గట్టు ఖనిజపు టిటుకవంటిది మేలు.

ఇచ్చుటయందును ఋతుభేదము పాటింపవలయును. వేసవిలో నాకినపిదప దాహమగును గనుక నీరు దూరముగా నుండరాదు. వానలలో గడ్డ కరగిపోవును గనుక మెరకను ఉంచి, మరల మరల చూచుకొనవలయును. ఒకేచోట గుంపులు చేరిన రోగములు వ్యాపించును. అందుచే పలుతావుల పంచుట యుక్తము.

అయినను ఈ మేలునందొక కీడు దాగియున్నది. దుప్పి ఉప్పుగడ్డకు తప్పక వచ్చునని దొంగవేటగాడును ఎఱుంగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎరవేయుటనుగూడ వేటగానే యెంచినది. తల్లికి బలమిచ్చు గడ్డయే కావలి లేనిచో ఉచ్చునకు ఎర యగును. అందుచేతనే, ఆ యడవిని పుట్టినింటివలె నెఱింగి కావలివారుగా పనిచేయు చెంచుల కాలినడక, ఉప్పుకంటె విలువైనది.

ఆ త్రోవను బోవు మనము చేయదగిన సాయ మొక్కటే: బండిలోనుండి పండుగాని చిరుతిండిగాని విసరకుండుట. విసరిన తిండికి మరగిన దుప్పి బాటమీదికి వచ్చి చక్రములక్రింద బడును. దయకును హద్దు తెలియవలయును. ఎవరికి, ఎప్పుడు, ఎంత వడ్డింపవలయునో యెఱిగిన గృహిణులకు ఈ మాట క్రొత్తది కాదు.